కింద చిగురు

అంటు కట్టిన చోటికి జానెడు దిగువన
నాటు మొక్క ఊరుకోదు.
పైన బంగినపల్లి కొమ్మ కుదురుకున్నా సరే
కింద రాగి రంగులో ఒక చిగురు తోస్తానే ఉంటాది.
గోటితో గిల్లేస్తా.
దామలచెరువు రోడ్డులో ముప్పై ఏండ్లుగా నా బతుకిదే,
గిల్లేది, మళ్లీ గిల్లేది.

పోయినేడు నా ఎడమ కంట్లో
అట్టాంటిదే మొలిచిందని చెప్పింది
తిరుపతిలో డాక్టరమ్మ.
కంటి వెనక పొరలో, అక్కర్లేని తావున
వెంట్రుక కంటే సన్నటి రక్తనాళాలు,
కారతా ఉండాయంట.
నెలకొక సూది.
"కంట్లోకేనా?" అని చెంగమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకునింది.
నొప్పేం లేదు.
నల్లటి బుడగలు మాత్రం రెండు రోజులు
చూపులో దొర్లినాయి, నేరేడు పండ్ల మాదిరి.

ఆరో సూది అయినాక
"తడి ఆరింది, ఆపి చూస్తాం, నెలన్నరకు రండి" అనింది.
బస్సు పాకాల దాటేసరికి
"చూస్తాం" మర్చిపోయినా, "రండి" మర్చిపోయినా.
"ఆపి" ఒక్కటే ఇంటిదాకా తెచ్చుకున్నా.

జూన్‌లో బెంగుళూర కాయ దిగింది.
ఫ్యాక్టరీ ముందర ట్రాక్టర్ల బారు, రాత్రిళ్లు అక్కడే.
చెంగమ్మ రెండుసార్లు గుర్తు చేసింది.
కాయ తోలినాక పోదాంలే అన్నా.

ఒక పొద్దున
కరెంటు స్తంభం నడుముకాడ వంగింది.
ఎడమ కన్ను మూస్తే నిటారుగా నిలబడింది,
కుడి కన్ను మూస్తే మళ్లీ వంగింది.
ఇంట్లోకొచ్చి చెంగమ్మను చూస్తే
ముక్కుపుడక ఉండాల్సిన చోట
బూడిద మచ్చ.

మందు మోసం చేయలేదు.
గిల్లింది చిగురునే గదా.
వేరు పెరికేస్తే పైకొమ్మకు కూడెక్కడిది?
"కన్ను ఆకలికి పెంచుకుంటాది" అనింది డాక్టరమ్మ,
తిట్టకుండా. తిట్టుంటే బాగుండు.

నిన్న ఏడో సూది.
ఇంకెన్నని నేనడగలేదు,
ఆమె చెప్పలేదు.

ఈ పొద్దు నర్సరీలో మూడో వరస ముందర కూచోని
తడుముకుంటా పోయినా.
వేలికి తగిలింది, మెత్తగా, తడి తడిగా.
మొన్న గిల్లిన చోటే.

సాయంత్రం చెంగమ్మ
క్యాలెండర్లో పై నెల గడిలో సున్నా చుట్టింది.
వంకరగా చుట్టిందో,
నాకే అట్టా అగుపడిందో.