గుండు, బద్ద, నూక

పరీక్షకింకా పదకొండు రోజులు.
కాశీబుగ్గ వైపు నుంచి వచ్చే గాలిలో
జీడిపిక్కలు కాలుతున్న ఘాటు.
పొగ గొంతులో కూచున్నట్టే
బీజగణితం నా పొట్టలో కూచుంది.

ఒకసారి తప్పాను ఈ పేపరు.
మొదటి ప్రశ్న చదవగానే చెవుల్లో పిండిమర తిరిగింది.
హాల్ టికెట్ నంబరు తప్ప ఏమీ రాయలేక
గంట కొట్టేదాకా మార్జిన్లు గీసుకున్నాను.

ఈ భయం ఎక్కడిదో నాకు తెలుసు.
నేను ఏడో తరగతిలో ఉండగా తిత్లీ తుపాను
మా బడి రేకుల్ని ఎత్తుకెళ్ళి పొలాల్లో పడేసింది.
నెలన్నరకి తలుపులు తెరిస్తే
మాస్టారు పాఠం వదిలిన చోట కాక
సిలబస్ ఉండాల్సిన చోట మొదలుపెట్టారు.
బోర్డు మీద ఎక్స్ ఉంది.
అది ఎప్పుడొచ్చిందో, ఎవరి తాలూకో
అడగడానికి సిగ్గేసింది.
అప్పట్నుంచీ అది నాకు
ముఖం తెలిసి వరస తెలియని చుట్టం.

సాయంత్రం కాలేజీ నుంచి నేరుగా
అమ్మ పనిచేసే జీడిపప్పు కార్ఖానాకి వెళ్తాను.
పప్పు బల్ల మీద, పుస్తకం ఒళ్ళో.
చేతులు వాటి పని అవి చేసుకుపోతాయి.
గుండు ఇటు, బద్ద అటు,
ముక్క ఇక్కడ, నూక అక్కడ,
పుచ్చు కాళ్ళ దగ్గర డబ్బాలో.
గుండులో మళ్ళీ రెండొందల నలభయ్యా, మూడొందల ఇరవయ్యా
కళ్ళు మూసుకున్నా బొటనవేలుకి తెలుస్తుంది.
బొటనవేలుకి భయం లేదు.

ఒళ్ళో మాత్రం
తొమ్మిది రోజులుగా అదే పేజీ:
ఒక ఉపసమూహపు రెండు కుడి సహసమితులు
సమానాలైనా అవుతాయి, వియుక్తాలైనా అవుతాయి.

పెదాలు కదులుతుంటే గున్నమ్మత్త చూసింది.
"ఏటే గుంటా, జపం సేస్తన్నావేటి?"
చెప్పాను, ఏడుపు ఆపుకుంటూ.
ఒకే మూలకం రెండింటిలోనూ దొరికితే
ఆ రెండూ ఒకటేనని రుజువు చెయ్యాలత్తా.

రెండో తరగతి పూర్తి చెయ్యని మనిషి
పప్పు మీంచి తల ఎత్తకుండానే అంది:
"ఒకటే గింజ ఈ తట్లోకీ ఎల్తాది,
ఆ తట్లోకీ ఎల్తాదంటే
మరవి రెండు తట్లేటే?
పేర్లు రెండు, తట్ట ఒకటి. కలిపీ."

కలిపీ.
నా వేళ్ళ మధ్య బద్ద అక్కడే ఆగిపోయింది.

అది రుజువు కాదు, తెలుసు.
రుజువుకి విలోమాలు కావాలి, సంవృత ధర్మం కావాలి,
ఐదు లైన్లు, ఒక్కో లైనుకీ ఒక కారణం.
కానీ ఆ రాత్రి కరెంటు బిల్లు వెనక
ఆ ఐదు లైన్లూ రాస్తున్నప్పుడు
ఎక్కడికి వెళ్తున్నానో ముందే తెలుసు.
కరెంటు పోయిన వీధిలో
మనింటి అరుగు కాలికి తగిలినట్టు.

మిగతా రోజులు ఇంత బాగా గడవలేదు.
వలయాలు రాలేదు. ఇప్పటికీ రావు.
ఒక రాత్రి పుస్తకాన్ని బియ్యం డబ్బాలో దాచేసి
తెల్లారేదాకా దుప్పటి ముసుగు తీయలేదు.
"రానిది రాలేదని మార్జిన్లో రాయి,
ఏ లైను దగ్గర ఆగావో కూడా రాయి"
అన్నారు దమయంతి మేడం.
రాస్తూపోతే లెక్కకంటే మార్జినే పెద్దదైంది.

టెక్కలిలో సెంటరు.
పేపరిచ్చారు. పిండిమర మొదలైంది.
కళ్ళు మూసుకుని బల్ల మీద బొటనవేలు ఆడించాను:
ఇది వచ్చు, ఇది సగం, ఇది నూక, ఇది...
"ఏంటమ్మా ఆ సైగలు?"
ఇన్విజిలేటర్ వచ్చి నా చేతులు తిప్పి చూశాడు.
ఆదివారాలు పిక్కలు కొట్టిన వేళ్ళు,
జీడినూనె కాల్చిన నల్లమచ్చలు.
ఏదో రాసుకొచ్చాననుకున్నాడేమో, రుద్దమన్నాడు.
రుద్దాను. పోవు కదా.
ఏమీ అనకుండా వెళ్ళిపోయాడు.

ఆరో ప్రశ్నతో మొదలుపెట్టాను.

బస్సు దిగేసరికి దీపాలు వెలిగాయి.
కార్ఖానాలో బల్ల దగ్గర గున్నమ్మత్త.
"ఏటైందే?"
"నాలుగు గుండు, రెండు బద్ద. మిగిలింది నూకత్తా."
"పుచ్చో?"
"ఒకటి."
ఆవిడ జరిగి
బల్ల మీద నాకు చోటిచ్చింది.