నేల ప్లస్సు

పర్లాకిమిడిలో, పాతపట్నం పోయే రోడ్డు మీద మా షెడ్డు.
డాక్టరు రథో గారి ఎం.జి. బండి
పదకొండు నెలలుగా ఇటికల మీదే కూర్చుంది.

మా పానాలేవీ దానికి పట్టవు.
పదమూడు జారుతుంది, పన్నెండు దూరదు.
అంగుళాల దొర ఎప్పుడో పోయాడు,
బోల్టుల్లో పొగరు మిగిలింది.

తలుపుల లోపలి కర్ర చెదలు తినేస్తే
సాలకర్ర చెక్కి కూర్చాడు జగ్గు మహారణా.
డైనమో పీకి మారుతీ ఆల్టర్నేటరు వేశాను.
వైరింగు దగ్గర చెయ్యి ఆగింది:
ఈ బండికి నేల ప్లస్సు.
నేనెరిగిన బళ్లన్నిటికీ నేల మైనస్సే.

బ్యాటరీ తిప్పి పెడుతుంటే
మా గుంటడు దైతారి ఒడియాలో అడిగాడు,
"అలా నేలని మార్చెయ్యొచ్చా?"
జవాబు తోచక తెలుగులో తిట్టాను.

మా తాత ఎక్కడికీ కదల్లేదు.
సరిహద్దే ఓ రాత్రి లేచి
మా పెరటివైపు వెళ్లి పడుకుంది.

ఆఖర్న గేరు రాడ్డుకి
మా ఊరి కొమ్ముపనివాళ్లు నునుపు తీసిన
నల్లటి పిడి బిగించి తాళం తిప్పాను.
దగ్గింది. మళ్లీ దగ్గింది.
దైతారి చెవులు మూసుకుని నవ్వాడు.

"ఇందులో పాతదేం మిగిలిందయ్యా తవిటయ్యా?"
డాక్టరు గారి బెంగ.
"చప్పుడు బాబూ,
సైలెన్సరు మార్చేదాకా."