పంతొమ్మిదో పేరు

వకీలు ముప్పై వేలడిగిండు.
ముప్పై వేలుంటే
ఐపీ ఎందుకు పెడ్తనయ్యా అన్న.
ఆయన నవ్విండు, నేను నవ్వలే.
మళ్ల బస్సు కనగల్ దాటినంక నాకూ నవ్వొచ్చింది,
పక్క సీటామె సంచి ఒళ్లోకి తీసుకొని
జర జరిగి కూసుంది.

అప్పటిసంది నేనే రాస్తున్న.
నల్లగొండ కోర్టు గోడ పక్క జిరాక్సు డబ్బాల
పాత పిటిషను నకలొకటి దొరికింది,
ఎవలిదో బియ్యం మిల్లు మునిగిన కథ.
పేరు కాడ సైదులు, ఊరు కాడ హాలియా.
‘సవినయంగా విన్నవించుకొనునది ఏమనగా’
ఆ ఒక్క ముక్క మార్చలే.
ఇరవై ఏండ్లు టెంట్‌హౌజు నడిపినోన్ని,
పెండ్లోల్ల ముంగట, సావోల్ల ముంగట
ఒక్కతీరుగ నిలవడ్డోన్ని,
సవినయమంటే నాకు తెల్వదా.

బి షెడ్యూలు, ఆస్తులు. అల్కగనే అయింది.
ప్లాస్టిక్ కుర్చీలు మున్నూట పన్నెండు,
కాళ్లిరిగినయి నలభై విడిగ రాసిన, అబద్ధమెందుకు.
షామియానలు ఏడు, ఒకదానికి
బరాతు పటాకులు కాల్చిన బొక్క.
డేగిశాలు, గంటెలు, నడవని జనరేటరు.
ఎర్ర మఖమల్ సింహాసనాలు రెండు.
సగం హాలియా వాటిమీద కూసునే
ఆలుమగలైంది.
ధరెంత రాయాల్నో సమజ్‌గాక
రెండు రోజులు ఆ గీత ఖాళీగ ఉంచిన.

చట్టం కొన్నిటిని ముట్టదట.
కట్టుకునే బట్టలు, వండుకునే గిన్నెలు,
పండుకునే పరుపు, ఆడమనిషి మెడల పుస్తె.
చదివి వినిపిస్తే మా ఇంటామె అన్నది:
‘అంటే మనింట్ల ఏం మిగిలిందో
వాల్లకు ముందుగాల్నే ఎరికె.’

ఎ షెడ్యూలు, అప్పిచ్చినోల్లు.
ఒక్క పేరు దాచినా కొట్టేస్తరన్నడు
టైపు కొట్టే జానీమియా.
బ్యాంకు. ఫైనాన్సు.
ఆ ఫైనాన్సు కట్టనీకె తెచ్చిన ఇంకో ఫైనాన్సు.
నాగిళ్ల ముత్తిలింగం, నూటికి మూడు, ప్రామిసరీ నోటు.
ఎత్తుకున్న చిట్టి. సడ్డకుడు.
పద్దెనిమిది పేర్ల దాంక చెయ్యి వణకలే,
ఒకరిద్దరివి రాస్తుంటే లోపల
జర కుషీ గూడ అయింది.

పంతొమ్మిది: ఈదమ్మ.
డేగిశాలు తోమే మనిషి.
కూలి ఇయ్యబోతే పదకొండేండ్లు ఒకటే మాట,
‘నా తానుంటే పోరగాల్లు గుంజుకుంటరు,
నీ తాన్నే ఉండనీ.’
ఆమె లెక్క గోడ మీద బొగ్గుగీతలు,
నా లెక్క తలకాయల.
ఎనభై ఆరు వేల నాలుగొందలు.
రాస్తే ఆమె గుడిసెకు కోర్టు నోటీసు పోతది,
రూపాయికి పది పైసలొస్తదో, అదీ రాదో.
రాయకుంటే, ఆమె నాకేం ఇయ్యనే లేదని
నేనే సంతకం పెట్టినట్టు.

ముందుగాల ఆమె తానికే పోయి చెప్పిన.
బూడిదె చేత పట్టుకొని ఇన్నది.
చానసేపు డేగిశ అడుగు తోమింది,
అది గూడ బి షెడ్యూల్ల ఉన్న డేగిశనే.
ఆఖర్కి తలెత్తకుంటనే అన్నది:
‘ఎనభై ఆరు నాలుగొందలు కాదు.
పోయిన బోనాలది ఆరొందలు మరిచినవ్.’

అంతకు మించి ఒక్క తిట్టన్న తిట్టలే.
తిడితే బాగుండు.

జానీమియా కొత్త పేజీకి పైసలడిగిండు.
అంకె కొట్టేసి, పైన ఎనభై ఏడు వేలని రాసి
పక్కన పొట్టి సంతకం పెట్టిన.
దస్తావేజు అన్న గడిల: నోటిమాట.
‘కోర్టుల ఇది నిలవదు భాయ్’ అన్నడు.
నా లెక్కలల్ల నిలవడ్డది
అదొక్కటే అన్న.

సైదులు చేతులెత్తేసిండని
ఊర్లె అనుకుంటున్నరట.
ఎత్తలే. ఈ చేతులతోనే రాసిన
పదకొండు పేజీలు, నాలుగు నకళ్లు.

ఇయ్యాల వాయిదా.
పేరు పిలిచేదాంక వరండల నిలవడ్డ.
పాత అలవాటు, కండ్లు వాటంతటవే పోయినయి:
కుర్చీలు తొమ్మిది,
రెండింటికి కాళ్లు సక్కగ లెవ్వు.