చక్రాల సంఖ్య

జనవరికి సుపీరియర్ సరస్సు ఒడ్డు రాయిలా గట్టిపడుతుంది.
బడి వెనక షెడ్డులో హీటరు ఒక మూలకే పనిచేస్తుంది,
ఆ మూల ఎప్పుడూ బ్యాటరీలదే.
చేతులు చంకల్లో దాచుకుని
ఐలి గీసిన బొమ్మ చుట్టూ నిలబడ్డాం:
రెండు లావాటి గొట్టాలు,
వాటి ఒంటినిండా మెలితిరిగిన గట్టు.
"చక్రాలేవి?" అన్నాడు డెన్జిల్.
జట్టులో చక్రం తిప్పేది తనే మరి.
"లేవు" అంది ఐలి.

మరమేకులో ఉన్నదీ మరే,
మరమనిషిలో ఉన్నదీ మరే.
మా షెడ్డులో మాత్రం
ఆ రెండూ ఎప్పుడూ పక్కపక్కన కూర్చోలేదు.

హర్యు గారు నవ్వలేదు.
నలభై ఏళ్ళు మంచుబళ్ళు బాగుచేసిన మనిషి.
వాళ్ళ తాత చూశాడట ఇలాంటిదే,
గడ్డకట్టిన సరస్సును కొరుక్కుంటూ
దుంగలు లాక్కుపోయే బండిని.
"అది నడిచేది కాదు, దిగబడుతూ పోయేది" అన్నారు,
గాల్లో వేలితో స్క్రూ బిగిస్తూ.

మురుగు పైపు కోశాం.
తాడు చుట్టి జిగురు పెట్టాం, ఊడింది.
ప్లాస్టిక్‌లో ప్రింట్ చేశాం, పదకొండు గంటలు, పగిలింది.
చివరికి స్కేటింగ్ రింకు వాళ్ళు పారేసిన రబ్బరు చాపను
పీలికలు చేసి రివెట్లు కొట్టాం.
ఐలి బొటనవేలి గోరు నల్లబడింది.
ఎవరికీ చూపించలేదు గానీ
స్పానరు ఎడమచేతికి మారింది.

మొదటిసారి జిమ్ము నేల మీద పెట్టి
"ముందుకు" అని నొక్కాను.
అది పక్కకు బయల్దేరింది,
పిలవని పేరంటానికి పోతున్నంత హుషారుగా,
పోయి కూల్‌డ్రింకుల మిషన్ని గుద్దుకుంది.

తప్పు నాదే. కోడులో ఒక మైనస్ గుర్తు.
దిద్దాక బుద్ధిగా ముందుకే పాకింది
కార్పెట్టు మీద, చక్కెర పలుకు మోసే చీమలా.
ఐలి చాలాసేపు ఏమీ అనలేదు.
తర్వాత నల్లటేపు తెచ్చి
దాని పక్కటెముక మీద బాణం అంటించింది.
"ఇక ఇదే దీని ముఖం."
మైనస్ గుర్తు మళ్ళీ పెట్టాను.

పోటీలో తనిఖీకొచ్చిన ఆవిడ
కాగితం మీద పెన్ను ఆపింది.
చక్రాల సంఖ్య?
కళ్ళద్దాలు పైకి నెట్టి, వంగి, అడుగున చూసి
సున్నా వేసింది, గుండ్రంగా.
ఆ కాగితం మీదున్న చక్రం అదొక్కటే.

ఏదో గెలిచామని కాదు.
రెండో ఆటలో ఇద్దరు కలిసి కొసన పట్టి నెడితే
కొట్టిన మేకులా నిలబడింది, పదమూడు సెకన్లు.
డెన్జిల్ ఇప్పటికీ పదిహేనంటాడు.
మూడో ఆటలో బెల్టు తెగింది.

రాత్రి తిరిగొస్తుంటే
మలుపు దగ్గర బస్సు మంచులో కూరుకుపోయింది.
డ్రైవరు తొక్కుతూనే ఉన్నాడు,
వెనక చక్రాలు ఉన్నచోటే తిరుగుతున్నాయి.
ఒక్కొక్కరం తల తిప్పి
సీట్ల మధ్య తాళ్ళతో కట్టిన పెట్టె వైపు చూశాం.
మొదట నవ్వింది హర్యు గారే.
ఐలి అప్పటికే పార పట్టుకుని దిగుతోంది.