చిల్లర బాకీ

మొదట వచ్చింది జ్వరం కాదు, వాసన.
"అముదా, యాడో బెల్లం మాడతా ఉంది" అన్నాడు.
ఆషాఢం. చిత్తూరు చుట్టుపక్కల
ఒక్క గానుగ కూడా తిరగని రోజులు.
మా పొయ్యి మీద పాలు తప్ప ఏమీ లేవు.
నేను నవ్వినాను.
ఆ నవ్వు ఇప్పటికీ నాకు అరగలేదు.

మూడోనాటికి జ్వరం. నాలుగోనాడు
టికెట్ల సంచిని అన్నం గిన్నెలో కుక్కి మూత పెట్టినాడు.
అయిదోనాడు వద్దంటే వినకుండా డ్యూటీకి పోయి
పూతలపట్టు దాటినాక
ఒక ముసలామెను బండబూతులు తిట్టినాడంట.
నన్ను కూడా ఏనాడూ "ఏమే" అనని మనిషి.
డ్రైవరు బండి ఆపేలోపల
ఎడమ చెయ్యి కొట్టుకోను మొదులుపెట్టింది,
కోసిన కోడి రెక్క మాదిరి.

గాలి సోకిందన్నారు.
గాదంకి దగ్గర దిగి ఏదో తొక్కినాడన్నారు.
మా వదిన తాయెత్తు తెచ్చింది.
కట్టించినాను, ఎందుకు అబద్ధం చెప్పాల.
ఆ తాయెత్తుతోనే తిరపతికి, రుయాకు తీసకపోయినాం.

వెన్నులో సూది పెట్టి నీళ్ళు తీసినారు.
ఎంత తేటగా ఉన్నాయో ఆ నీళ్ళు.
దాంట్లోనా మొగిలప్ప మునిగింది?

డాక్టరమ్మ చిన్నపిల్ల, కండ్ల కింద నలుపు.
మందుల చీటీ వెనక తలకాయ బొమ్మ గీసి
కణతల దగ్గర పెన్నుతో గట్టిగా రుద్దింది.
"పెదవి మీద జ్వరపొక్కు లేస్తుందే, ఆ వైరస్సేనమ్మా.
చానామందిలో ఊరికే నిద్రపోతా ఉంటుంది.
ఎవరికో ఒకరికి లేచి పైకి నడుస్తుంది.
ఎందుకో మాకూ సరిగ్గా తెలీదు."
తెలీదు అనింది చూడండి,
ఆ మాటకే ఆమెను నమ్మినాను.

ఎనిమిది గంటలకొక సీసా. ఇరవై ఒక్క రోజులు.
వరండాలో కొంగు పరుచుకోని
అరవైమూడు సీసాలు లెక్కపెట్టినాను.

బతికినాడు.
అందరూ ఆ మాట దగ్గరే దిగిపోతారు.
కొండకు పోయి మొక్కు తీర్చుకోమంటారు.
బతికింది ఎవరని ఒక్కరూ అడగరు.

చెంచా చూపిస్తే "అది... తినే... ఆ వంకరది" అంటాడు.
నా మొహం చూసి "మీరు బాగా తెలిసినవాళ్ళే" అంటాడు,
మర్యాదగా.
ఆ మర్యాదే కోస్తుంది.
సబ్బు కొరికినాడు. కొవ్వొత్తి నమిలినాడు.
వాళ్ళన్న పోయినాడని చెబితే పకపకా నవ్వి
సాయంత్రం టీవీలో ఎవరో వంకాయలు వేయిస్తా ఉంటే
వెక్కి వెక్కి ఏడ్చినాడు.
"మా, నాయన ఇప్పుడు మంచోడేనా?"
హేమాద్రి అడిగినాడు, పదకొండేండ్లోడు.
మంచితనం కూడా కణతల వెనకే ఉంటుందా,
చింతగింజంత చోట?
అట్లయితే ఇన్నాళ్ళూ నేను మెచ్చుకున్నది ఎవర్ని?
పిల్లోడికి పెరుగన్నం కలిపి పెట్టినాను.
అదే నా జవాబు.

అయినా రాత్రి ఎనిమిదైతే లేస్తాడు.
కాళ్ళు ఎడం చేసి మంచం పక్కన నిలబడి
లేని బస్సు ఊపుకు ఒళ్ళు వాలుస్తా
"పూతలపట్టు, గాదంకి, చంద్రగిరి, తొండవాడ,
తిరపతి తిరపతి తిరపతీ!"
ఒక్కటి తప్పడు. ఒక్కటి ముందూ వెనకా కాదు.
పేర్లన్నీ కాలిపోయిన ఇంట్లో
ఈ ఒక్క దారి ఎట్ల మిగిలిందమ్మా అంటే
"అది వేరే గది" అనింది డాక్టరమ్మ.
ఆ గదికి తలుపు యాడుందో చెప్పలేదు.

నిన్న నా దగ్గరికే వచ్చి చెయ్యి చాపినాడు.
"యాడికమ్మా?"
"ఇంటికి" అన్నాను.
కొంచేపు ఆలోచన చేసినాడు.
"ఆ స్టాపు ఈ బండికి లేదే. ఇంకోటి చెప్పు."

తొండవాడ అన్నాను. యాభై రూపాయలిచ్చినాను.
క్యాలెండరు కాగితం చింపి
వెనకాల పన్నెండని రాసి, సున్నా చుట్టినాడు.
"చిల్లర లేదు. దిగేటప్పుడు అడిగి తీస్కో.
మరిచిపోవద్దు."

కాగితం రవికలో దోపుకున్నాను.
పన్నెండు రూపాయలు.
ఆయన నాకు బాకీ.