కట్టెల లెక్క

సారెమా దీవిలో మంచు మోకాలి దాకా.
హిల్వె ఎనిమిదింటికి బల్ల ముందు కూర్చుంది,
పదకొండయినా అదే వాక్యం దగ్గర.
కాఫీ మానేసి మూడు వారాలు.
గుండె దడ తగ్గింది గానీ
నాయిక ఇంకా తలుపు దగ్గరే నిలబడి ఉంది,
ఒక చెయ్యి గొళ్ళెం మీద.

ఇక లాభం లేదని
ఉన్ని టోపీ చెవుల మీదికి లాక్కుని
గొడ్డలితో పెరట్లోకి.
తెల్లతోలు బిర్చి దుంగ
మొదటి దెబ్బకి బెట్టు చేసింది,
రెండో దెబ్బకి నోరు తెరిచింది.
ముక్కుపుటాల నిండా పచ్చికట్టె వాసన.

ఏడో దుంగకి చలి మరిచింది.
పదకొండో దుంగకి నవలే మరిచింది.
పన్నెండోది రెండుగా విడిపోతుంటే
ఆ చప్పుడులో
గొళ్ళెం తీసిన చప్పుడు.

టోపీ తీయకుండానే పరుగు.
గడపలో మంచు, బల్ల మీద మంచు,
కాగితం మూల తడి వేలిముద్ర,
చీకటి పడేలోగా మూడు పేజీలు.

వసంతానికి నవల సగమే అయింది.
తన కట్టెలు అయిపోతే
పక్కింటి కల్యోవి కూడా
చీల్చి పేర్చి పెట్టింది.
ఆయన కంచె మీదుగా వంగి అడిగాడు:
"మిగతా సగం ఎప్పుడు రాస్తావో ముందే చెప్పు,
దుంగలు తెప్పించాలి."