బాణం గుర్తు

ధర్మాబాద్ మిర్చి గంజిల కంప్యూటర్ గూడ తుమ్ముతది.
ఫ్యాను తిరిగినప్పుడల్లా లోపట ఎర్రటి పొడి లేస్తది.
ఆదివారం కీబోర్డు బోర్లిచ్చి కొడ్త,
గింజలు రాల్తయి.
ఒక్కపారి మీట కింద తొడిమ దొరికింది.

సేటు దగ్గర రెండు ఫైళ్లున్నయి.
ఒకటి ఈ దుకాణానిది,
ఇంకోటి నవీపేటల ఆయన బామ్మర్ది కోల్డ్ స్టోరేజిది.
నడుమ ఒక హద్దు, ఒక గోదారి, బాసర వంతెన.
"రెండు కలిపెయ్ విజయమాలా" అన్నడు,
చాయిల చక్కెర కలిపినంత అలక్కగ.

కలుపుడు రెండు తీర్ల ఉంటది సేట్, అన్న.
లింకు చేస్తే పట్టిక ఆడనే ఉంటది,
మన కిటికీల నుంచి వాళ్ల పెరడు కనబడ్డట్టు.
పేరు పక్కన చిన్న బాణం గుర్తొస్తది,
మనది కాదు, యాదుంచుకో అని.
వాళ్లు దిద్దితే మనకాడ మారుతది,
మనం దిద్దితే వాళ్లకాడ.
వాళ్లు ఫోల్డరు జరిపిన్రనుకో,
కిటికీ ఉంటది, పెరడుండదు.

దిగుమతంటే మోసుకొచ్చి ఇంట్ల దించుకునుడు.
ఆ దినం ఎట్లుండెనో అట్లనే ఉంటది,
ఉప్పుల ఊరేసిన ముక్క లెక్క.
గడి చిన్నదైతే కొస తెగుతది.

కొస తెగుడు మా ఇంట్ల అందరికెరుకే.
వంతెన దాటిననాడు మా తాత గడ్డంవారు.
ఈడ బడి రిజిస్టర్ల ఎక్కేసరికి గడ్డంవార్.
ఆ ఉకారం ఏ టేషన్ల దిగిపోయిందో
ఇంతవరకు ఎవరూ దేవులాడలే.

సేటుకు అసలు కావల్సింది కూలోళ్ల పట్టిక.
తొడిమలు తీసే ఆడోళ్లు
రెండు దిక్కుల అడ్వాన్సు తీస్కుంటున్నరని అనుమానం.
"పేరుకు పేరు జోడియ్, దొంగ దొరుకుతది."

జోడిచ్చిన.
ఈ పేరు గడి నుంచి ఆ పేరు గడికి గీత గుంజిన.
సున్నా వరుసలు.
ఒక్కతి గూడ కలవలే.

ఎట్ల కలుస్తరు?
ఈడ యెల్లూబాయి పోతన్న మేకలవార్,
ఆడ మేకల ఎల్లవ్వ, భర్త పోతన్న.
ఈడ యాభై రెండేండ్లు,
ఆడ అరవై ఒకటి, పింఛనుకు సరిపోను.
యంత్రానికి ఇద్దరు.
నాకు ఒక్కతే,
నా గోడవతల కుప్ప మీద కూసుండి
పొద్దంత చేతులు మండిచ్చుకునేది.

మూడో పట్టికొకటి చేస్తే తెగిపోతది:
ఈ నంబరుకు ఆ నంబరు, రెండే గడులు,
ముప్పై ఏడు వరుసలు.
అది నా తలకాయల ఉన్నది.
సేవ్ చెయ్యలే.

"ఏమాయె?"
"వీళ్లకు వాళ్లకు చుట్టరికం లేదు సేట్."
ఆయన తుమ్మిండు, ఫోనెత్తిండు.

మాపటీలి లింకు తీసేసిన.
నిజంగనే తీసెయ్యాల్నా అని అడిగింది.
ఆడి పట్టికకు ఏంగాదు,
బాణమొక్కటే పోతది.

ప్యాసింజర్‌కు పోతపోత యెల్లూబాయి కిటికీకాడ ఆగింది,
మోచేతుల దాంక కొబ్బరినూనె.
"అవతల నన్నేమని రాస్కున్నరో
నీకండ్ల గనబడ్తదటగద బిడ్డా?"

"అరవై ఒకటని రాస్కున్నరు."

నవ్వింది. ముక్కు తుడ్సుకుందామని చెయ్యెత్తి
మంట యాదికొచ్చి ఆగింది.
"ఔ మరి,
వంతెన దాటంగనే ముసల్దాన్నయిత" అన్నది,
బండి కూత ఇనబడంగ
చిన్నపిల్ల లెక్క ఉర్కింది.